సంక్షోభంలోనూ కొలువులు నిలపాలి: కేంద్ర కార్మిక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ



మాంద్యం ముంచుకొచ్చినప్పుడు మనుషులను తీసేయకుండా పనిగంటలు తగ్గించి ఉద్యోగాలు కాపాడవచ్చని జర్మనీ అనుభవం చెబుతోంది. అక్కడ కనీసం ఐదుగురు పనిచేసే సంస్థలో ఉద్యోగులు తమ ప్రతినిధుల మండలిని ఎన్నుకోవచ్చు. మండలి ఉన్నచోట పనిగంటలను తాత్కాలికంగా తగ్గించాలంటే యాజమాన్యం దానితో ఒప్పందానికి రావాల్సిందే. ఏ విభాగంలో ఎన్ని గంటలు, ఎన్నాళ్లు అన్నది ఇరుపక్షాలూ కూర్చుని తేల్చుకుంటాయి.

పనిగంటలు తగ్గి కోల్పోయిన నికర వేతనంలో 60 శాతాన్ని, పిల్లలున్నవారికి 67 శాతాన్ని నిరుద్యోగ బీమా వ్యవస్థ చెల్లిస్తుంది. అంటే, నికర జీతంలో 1000 యూరోలు తగ్గిన తల్లికి 670 యూరోలు అందుతాయి. 2009లో ఆ దేశ ఆర్థిక వ్యవస్థ దాదాపు 5 శాతం కుంగినా నిరుద్యోగం స్వల్పంగానే పెరిగింది. 2020 ఏప్రిల్‌లో సుమారు 60 లక్షల మంది ఈ పద్ధతిలోనే కొలువుల్లో కొనసాగారు. నిపుణులు చేజారకపోవడంతో, ఆర్డర్లు రాగానే ఉత్పత్తి ఊపందుకుంటుంది. అయితే ఏజెన్సీల ద్వారా వచ్చిన తాత్కాలిక కార్మికులకు 2009లో ఈ రక్షణ అంతగా దక్కలేదు.

భారతదేశంలో 100 మంది లేదా అంతకు మించి కార్మికులున్న సంస్థల్లో యాజమాన్య, కార్మిక ప్రతినిధుల వర్క్స్ కమిటీలకు 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టమే చోటిచ్చింది. లేఆఫ్‌లో, అంటే పని తాత్కాలికంగా ఇవ్వలేనప్పుడు, సగం వేతనమూ ఆ చట్టం నుంచి వచ్చిందే. ఆ భారం మాత్రం యజమానిదే. కమిటీలకు పనిగంటలపై ఒప్పందాధికారం, వేతన నష్టానికి బీమా నిధి, కాంట్రాక్టు కార్మికులకూ వర్తింపు: ఈ మూడూ చట్టబద్ధం కావాలి.