కారణం చెప్పక్కర్లేదట!

అద్దె ఎగ్గొడితే ఖాళీ చెయ్యమంటారు. ఇల్లు పాడుచేస్తే ఖాళీ చెయ్యమంటారు. మా విషయంలో ఇంకో కారణం ఉంది. మా పేరు.

'టు లెట్' బోర్డు చూసి వెళ్తే ముందు మా తెలుగును మెచ్చుకుంటారు. పేరు చెప్పగానే, ఇల్లు నిన్ననే ఎవరికో ఇచ్చేసిన సంగతి గుర్తొస్తుంది. ఎలాగో దొరికినా ఎన్నాళ్ళు? రంజాన్‌లో సహరీకి వేసిన లైటు, బక్రీద్ నాటి కూర వాసన, ఇంటికొచ్చిన చుట్టం గడ్డం, ఏదో ఒకటి కంటగింపవుతుంది. "మాకేం పట్టింపు లేదు సాయిబుగారూ, పక్కవాళ్ళే..." అంటాడు ఓనరు. ఆ పక్కవాళ్ళు ఏనాడూ మా ముందుకు రారు.

చట్టం లేదా? ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 1960 నాటి అద్దె చట్టం, ఖాళీ చేయించాలంటే కారణం చూపమంది. ఆ కారణాల్లో మతం లేదు. కానీ పరిమితికి మించిన అద్దె ఇళ్ళను ఆ చట్టమే వదిలేసింది. అక్కడ 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం చాలు: నెలవారీ అద్దెకు 15 రోజుల నోటీసు, కారణం అక్కర్లేదు. 11 నెలల అగ్రిమెంటయితే తిరిగి రాయకపోతే సరి. రాజ్యాంగం 15వ అధికరణం దుకాణాలు, హోటళ్ళు, బావులు అందరికీ తెరవమంది. అద్దె ఇంటి గుమ్మం దాకా రాలేదు.

మేము కోరుకున్న చోట ఇల్లు దొరకడం కష్టమవుతోందని సచార్ కమిటీ 2006లోనే రాసింది. ఆ ఒక్క వాక్యం వెనక ఏమున్నాయో మాకు తెలుసు. ఏడాది మధ్యలో బడి మారిన పిల్లలు. రంగుల ఖర్చని అడ్వాన్సులో కోసుకున్న సొమ్ము. పాత చిరునామాలోనే ఉండిపోయిన రేషన్ కార్డు, ఓటు. చివరికి బస్తీకే చేరతాం. మాకింకో దిక్కు లేదని తెలిసిన ముస్లిం ఓనరు అక్కడ కిరాయి పెంచుతాడు. అతన్నీ నిలదీస్తాం.

"మీరేవిట్లు?" అని అడిగి దళితుణ్ణి వెనక్కి పంపేదీ ఈ గడపే. అందుకే ఇది ఒక్క మా గొడవ కాదు.

మీరంతా ఒక్కచోటే ఎందుకు పోగవుతారని మమ్మల్ని అడిగే సెక్యులర్ మిత్రులారా! మీ పైవాటా ఖాళీగా ఉంది. 'శాకాహారులకు మాత్రమే' అన్న బోర్డు వేలాడుతోంది. ముందు అది తీయండి. మాకు జాలి వద్దు. ఇల్లివ్వనన్నా, ఖాళీ చెయ్యమన్నా కారణం కాగితమ్మీద రాసివ్వాలనే చట్టం కావాలి. ఆ కాగితమ్మీద మా మతం పేరు రాసే ధైర్యం ఎవరికుందో చూస్తాం.