ఇంటింటి యంత్రములు: పాత బుల్లెట్టు బలము తగ్గినపుడు



ఈ నెల మోటారుసైకిలు వంతు వచ్చినది. కారణము చొప్పదండి నుండి ఒక సోదరి వ్రాసిన ఉత్తరము. ఆమె తండ్రి కొనిన బుల్లెట్టునకు నలువది యేండ్లు దాటినవి. ఆయన గతించిన పిదప దానిపైననే ఆమె కరీంనగరమునకు ఉద్యోగమునకై పోయి వచ్చుచున్నది. ఆమె యిట్లు వ్రాసినది:

"ఇంటికడ చక్కగా బయలుదేరును. ఏడెనిమిది కిలోమీటర్లు పోవుసరికి నీరసించును. పది నిమిషములు నిలిపినచో మరల బాగుగా నడచును. మెకానిక్కు బోరు చేయించి పిస్టను మార్చవలెననినాడు. అంత సొమ్ము పెట్టుటకంటె పాత ఇనుమునకు అమ్ముట మేలని మా అన్న పట్టుపట్టుచున్నాడు. అది మా బాపు బండి. ఏమి చేయుదును?"

సోదరీ, నీ ఉత్తరమునందే సగము జవాబున్నది. అరిగిన పిస్టను పది నిమిషముల విశ్రాంతితో మరల పెరుగదు గదా! ఆగి ఆగి వచ్చు నీరసమునకు వేరు కారణము వెదకవలెను. ఇంజనుకు కావలసినవి మూడు: తగుపాళ్ల గాలియు పెట్రోలును, సిలిండరులో గట్టి ఒత్తిడి, వేళకు నిప్పురవ్వ. ఈ మూడును ఉండి పుట్టిన బలము చక్రమునకు చేరవలెను. చౌకయైన పరీక్షలు ముందు, ఇంజను విప్పుట చివర. ఈ క్రమము తప్పినచో సొమ్ము వ్యర్థమగును.

మొదట చక్రము. కొంత దూరము పోయి నిలిపి, బ్రేకు డ్రమ్ముల దగ్గర చేయి పెట్టి చూడవలెను. బ్రేకు వేయకున్నను మిక్కిలి వేడిగా నున్నచో బ్రేకు పట్టుకొనియున్నదని అర్థము. ఇంజను మ్రోత హెచ్చుచు వేగము హెచ్చనిచో క్లచ్చి జారుచున్నది. ఈ రెంటిలో ఇంజను తప్పేమియు లేదు.

రెండవది పెట్రోలు. నూనెడబ్బాకు ఒక్కటే రంధ్రము చేసినచో నూనె ఆగి ఆగి పడును. రెండవ రంధ్రము చేయగనే ధార కట్టును. టాంకి మూతకును గాలి పోవుటకు అట్టి సన్నని రంధ్రముండును. అది పూడినచో పెట్రోలు దిగినకొలది లోపల శూన్యమేర్పడి, ధార సన్నగిల్లి, బండి నీరసించును. కొంతసేపు నిలిపినచో గాలి మెల్లగా లోపలికి చేరి మరల నడచును. బండి నీరసించినపుడు నిలిపి మూత తెరువవలెను. "హిస్" మని గాలి పీల్చిన చప్పుడై, వెంటనే బండి బాగుపడినచో దొంగ దొరికినట్లే. అట్లు కానిచో పెట్రోలు కాక్‌లోని జల్లెడను, కార్బురేటరు గిన్నెను శుభ్రపరచవలెను. పాత టాంకులలో త్రుప్పు పొరలు రాలి అచ్చట చేరును.

మూడవది గాలి. మన ప్రాంతమున వరికోతల దుమ్మును, గ్రానైటు క్వారీల ధూళియు తక్కువ కాదు. గాలి ఫిల్టరు పూడినచో పొగగొట్టము మూసిన పొయ్యివలె ఇంజను ఉక్కిరిబిక్కిరియగును. ప్లగ్గు విప్పి చూచిన సంగతి తెలియును: ముక్కు లేత గోధుమవన్నెగా నున్న మేలు, పొడి మసితో నల్లబడినచో పెట్రోలు హెచ్చు లేక గాలి తక్కువ, తెల్లబడినచో పెట్రోలు తక్కువ, నూనెతో తడిసినచో లోపలి అరుగుదల.

నాలుగవది నిప్పురవ్వ. పాయింట్ల నడుమ సందు 0.35 నుండి 0.40 మిల్లీమీటర్లుండవలెను. కండెన్సరు, కాయిలు కొన్నిసార్లు చల్లగా నున్నపుడు పనిచేసి వేడెక్కగానే మొరాయించును. మూత పరీక్ష ఫలింపనిచో అనుమానము వీనిపై పోవలెను.

కడపటిది ఒత్తిడి. తాళము తీసివేసి, డీకంప్రెసరు నొక్కక, కిక్కుపై మెల్లగా బరువు మోపవలెను. కొన్ని క్షణములు నిలిచి పిదప దిగినచో ఒత్తిడి బాగున్నట్లు. వెంటనే జారినచో ప్లగ్గు రంధ్రమున ఒక చెంచాడు ఇంజను ఆయిలు పోసి, ప్లగ్గు బిగించి మరల చూడవలెను. ఇపుడు గట్టిపడినచో రింగులు, బోరు అరిగినవి. మెకానిక్కు మాట నిజము. మార్పు లేనిచో దోషము వాల్వులయందు. అపుడు బోరు చేయించినను ప్రయోజనము లేదు.

ఈ పనులన్నియు ఆరుబయట, ఇంజను చల్లారిన పిదప, పొయ్యికిని దీపమునకును దూరముగా చేయవలెను. త్రోవలో మూత తెరువవలసి వచ్చినచో ఇంజను ఆపియే తెరువవలెను. చీరకొంగు, చున్నీ బిగించుకొనుట మరువరాదు.

వీనిని వ్రాసి పంపిన మూడు వారములకు ఆ సోదరి ప్రత్యుత్తరము వచ్చినది. కిక్కు ఆమె బరువును చక్కగా ఆపినది. త్రోవలో మూత తెరువగా "హిస్" మన్నది. తండ్రి బండి తళతళలాడవలెనని ఆమె ప్రతి ఆదివారము మూతకు పాలిషు పెట్టుచుండెను. ఆ పాలిషు పిండియే రంధ్రమున చేరి గట్టిపడినది! సూదితో తీసివేయగా బండి ఆగక కరీంనగరము చేరినది. ప్రేమతో చేసిన పనియే బండి గొంతు నొక్కినదని ఆమె నవ్వుకొన్నదట. అన్నగారు మరల అమ్మకపు మాట యెత్తలేదట.

ఇంకొక మాట. 2025 నాటికి మన పెట్రోలులో ఇథనాలు పాలు 20 శాతమునకు చేరినది. లీటరునకు ఇథనాలునందలి శక్తి పెట్రోలులోని దానిలో ఇంచుమించు మూడింట రెండు వంతులే. కావున పాత బండ్లు కొంచెము మెత్తబడుట సహజము. ఇథనాలు తేమను పీల్చును, పాత రబ్బరును చెరుపును. కావున బండిని నెలల తరబడి పెట్రోలుతో నిలువ యుంచరాదు. పాత పెట్రోలు గొట్టమును మార్చవలెను.

విడిభాగములకు దిగులు వలదు. 1955లో మద్రాసున ఎన్‌ఫీల్డు ఇండియా సంస్థ ఏర్పడినది మొదలు, 70 మిల్లీమీటర్ల బోరు, 90 మిల్లీమీటర్ల స్ట్రోకు గల ఈ ఇంజను పెద్దమార్పు లేక దశాబ్దములు తయారైనది. కావున దానిని ఎరిగిన చేతులు పల్లెపట్టులందును కలవు.

మెకానిక్కును శంకింపుమని నేననుట లేదు. "కిక్కు నిలిచినదా? ఆయిలు పోసి చూచితివా?" అని అడుగ నేర్చిన యింట సొమ్మును నిలుచును, తండ్రి జ్ఞాపకమును నిలుచును.