జొన్నపిండి ఒక్కటే చాలదు

పాలమూరు వైపు గోధుమ పడని పిల్లకి కేకు చేయడం ఎంతసేపు అనుకుంటాం. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ఇళ్లకి జొన్నరొట్టె కొత్తా? జొన్నలో గ్లూటెన్ లేదు. కానీ మా చెల్లెలి కూతురికి గోధుమతో పాటు పల్లీలూ పడవు. ఆ పల్లీలేమో మన నేల పంట. పొడిలో పల్లీ, పచ్చడిలో పల్లీ, సర్వపిండిలో పల్లీ, ఆఖరికి నూనె కూడా అదే.

రెండూ ఒకే రకం జబ్బు కాదు. సీలియాక్ ఉన్నవాళ్లకి గ్లూటెన్ పేగు లోపలి పొరను మెల్లగా పాడుచేస్తుంది. కడుపునొప్పి, రక్తహీనత, ఎదుగుదల తగ్గడం ఉంటాయి, ఒక్కోసారి పైకి ఏమీ కనిపించదు. పల్లీ అలర్జీ అయితే నిమిషాల్లో పెదవులు ఉబ్బి ఊపిరాడకపోవచ్చు. (అనుమానం రాగానే పరీక్షకు ముందే గోధుమ మానిపించకండి, రక్తపరీక్షలో జబ్బు దొరక్కుండా పోవచ్చు.)

నన్నడిగితే కేకు చెడేది పొయ్యి మీద కాదు, గిర్నీలో. మన ముందువాళ్ల గోధుమలు పట్టిన రాళ్ల మధ్యనే మన జొన్నలూ పడతాయి. గ్లూటెన్ లేనిది అని అమ్మాలంటే కిలోకి 20 మిల్లీగ్రాములు దాటకూడదని ఎఫ్ఎస్ఎస్ఏఐ నియమం. కిలో కేకులో చిటికెడు గోధుమపిండి పడినా ఆ గీత దాటొచ్చు. అందుకే జొన్నలు ఏరి, కడిగి, ఎండబెట్టి ఇంట్లోనే మిక్సీ పట్టాలి. పల్లీపొడి కొట్టే జార్‌లో కాదు, దీనికి వేరే జార్, వేరే జల్లెడ. గానుగ నూనె అని మురిసిపోతాం గానీ, రిఫైండ్ నూనె కంటే పల్లీ ప్రొటీన్ ఎక్కువగా మిగిలేది అందులోనే. గిన్నెకు రాయడానికి కూడా నెయ్యే వాడతాను. గోధుమకు బదులు బాదంపిండి వేయమని చాలామంది చెప్తారు, పల్లీ పడని పిల్లకి డాక్టర్‌ని అడగందే అదీ వద్దు.

ఒకటిన్నర కప్పు జొన్నపిండి, అరకప్పు ఇంట్లో పట్టిన బియ్యప్పిండి, ముప్పావు కప్పు బెల్లం తురుము, కప్పు పెరుగు, రెండు గుడ్లు, అరకప్పు నెయ్యి. పిండికి సాగే గుణం లేదు కాబట్టి పెద్ద చెంచాడు అవిసెగింజల పొడి వేడినీళ్లలో నానబెట్టి కలుపుతాను. 20 నిమిషాలు నాననివ్వకపోతే నోట్లో ఇసుకలా తగులుతుంది. ఆఖర్న రెండు టీ చెంచాల బేకింగ్ పౌడర్, లేబుల్ చదివాకే. గట్టిగా ఉంటే కాసిన్ని పాలు. విజిల్, గాస్కెట్ తీసేసిన కుక్కర్‌లో సన్నటి మంట మీద పెట్టి, పుల్ల గుచ్చితే అంటుకోనప్పుడు దించుతాను. ఆ రోజే తినేయాలి, మర్నాటికి పొడిపొడి అయిపోతుంది.

ఇంత చేసినా, చుట్టాలింట్లో "ఒక్క ముక్క తింటే ఏమైతది" అని నోట్లో పెట్టేవాళ్లు ఉంటారు. ప్రేమే, కాదనను. కానీ ఈ ప్రేమకి నేను అడ్డం పడతాను, మొహం మాడ్చుకున్నా సరే. ఏడేళ్ల పిల్ల ఏది చేతికిచ్చినా "పెద్దమ్మా, దీంట్ల పల్లీ ఉందా?" అని అడుగుతుంది. తిండికి ఇన్ని ప్రశ్నలా అని నవ్వుతారు. నవ్వకండి. ఉంటే ఉందనండి. తెలియకపోతే "తెల్వదు బిడ్డా" అనండి, అది తినకుండా పక్కన పెడుతుంది.