మైకు కొన్నంతమాత్రమున పాట నిలుచునా?

ఈ నడుమ మన బరంపురమున నలుగురు తెలుగువారు కూడిన చోటనెల్ల ఒకే మాట వినవచ్చుచున్నది. మన ముత్తైదువుల పాటలను, మంగళహారతులను, పెండ్లిపాటలను రికార్డు చేయవలెనట. అందులకై సంఘభవనమున ఒక గదిని స్టూడియోగా మార్చి, గోడలకు నురుగుపలకలు తాపించి, చల్లగాలి యంత్రమును, పదునారు చానెళ్ల మిక్సరును, విదేశపు కండెన్సరు మైక్రోఫోనును తెప్పింపవలెనట. చందాల జాబితా కూడ సిద్ధమగుచున్నట్లు వినికిడి.

ఉద్దేశము శ్లాఘనీయము. మార్గము మాత్రము తప్పు. ఉత్సాహవంతులైన మన యువకులకు కోపము వచ్చినను సరియే, ఈ నాలుగు మాటలు వ్రాయక తప్పలేదు.

ముందుగా ఇందు పోవునదేమి, నిలుచునదేమి అని ఆలోచింపుడు. తాళ్లపాక అన్నమాచార్యులు 1408 నుండి 1503 వరకు జీవించి, ముప్పదిరెండువేల సంకీర్తనలు రచించెనని ప్రతీతి. వానిలో పదుమూడు పదునాలుగువేలు తిరుమల సంకీర్తన భండారపు రాగిరేకులపై మనకు దక్కినవి. రాగిరేకుకు చెదలు పట్టదు, నీరు తగిలిన చెడదు. అయినను దక్కినదేమి? సాహిత్యమును, పాట పైన రాగము పేరును. ఆయన పాడిన వరుస యొక్కటియు ఆ రేకులపై లేదు. స్వరము వ్రాయబడలేదు, పాడినవారి పరంపర తెగినది. కనుకనే ఇరువదవ శతాబ్దమున రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారివంటి విద్వాంసులు క్రొత్తగా వరుసలు కట్టవలసి వచ్చినది. మహాకవికే ఆ గతి పట్టినప్పుడు మన వీథిలోని మామ్మ పాడు లాలిపాటకు దిక్కెవరు?

మనకు మరియొక చిక్కు కలదు. అది ఆంధ్రదేశమున నున్నవారికి తోచదు. 1936 ఏప్రిలు 1వ తేదీన ఒడిస్సా రాష్ట్రమేర్పడి మన బరంపురము అందు చేరినది మొదలు, మన యిండ్లలో మాట నిలిచినది గాని అక్షరము క్రమముగా జారిపోయినది. మన మనుమలు ఒడియాలోనో ఇంగ్లీషులోనో చదువుచున్నారు. వారిలో పెక్కుమందికి తెలుగు మాటాడుట వచ్చును, చదువుట రాదు. అట్టివారికి పాటల పుస్తకమును అచ్చువేసి యిచ్చిన అది బీరువాలోని వస్తువగును. వారి చెవిలో పడవలసినది గొంతు. ఆ గొంతులు ఎనుబది దాటినవి. భవనమునకు మరమ్మతులై, నురుగుపలకలు వచ్చి, మిక్సరు నడుపుట నేర్చుకొను వరకు ఆ గొంతులు మనకొరకు కాచుకొనియుండునా?

ఇక స్టూడియో మాట. నురుగుపలకలు తాపించిన వెలుపలి చప్పుడు ఆగునని మనవారి నమ్మకము. ఆగదు. నురుగు గదిలోపలి ప్రతిధ్వనిని కొంత మ్రింగును. అదియును సన్నని పలకయైనచో హెచ్చు శ్రుతి ధ్వనులను మాత్రమే. వీథిలోని ఆటో మోతను ఆపునది గోడ బరువు, తలుపు సందుల బిగువు. రెండేండ్లకొకసారి వచ్చు ఠాకురాణి యాత్ర దినములలో మన భవనమున కూర్చున్నవారికి ఈ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. ప్రతిధ్వని యణచుటకు మన యిండ్లలోనే సాధనములున్నవి. పరుపు, బొంత, దుప్పట్లు, చీరెలతో నిండి తలుపులు తెరచియుంచిన బీరువా, ఇవి నాలుగును చుట్టునున్న మూల ఏ నురుగుగదికిని తీసిపోదు. మొజాయిక్ నేల, ఖాళీ గోడలు గల పెద్ద హాలే పాటకు శత్రువు.

ఇంతకును స్టూడియోకు వచ్చునదెవరు? మోకాళ్ల నొప్పులతో గడప దాటలేని ముసలమ్మను రిక్షా ఎక్కించి, చల్లని గదిలో అద్దము వెనుక కూర్చుండబెట్టి, చెవులకు డిప్పలు తగిలించి, ఎఱ్ఱదీపము వెలిగించి “పాడుము” అనిన ఆమెకు పాట వచ్చునా? ఆ పాట తిరుగలి యొద్ద పుట్టినది, ఉయ్యెల యొద్ద పెరిగినది. ప్రక్కన వదినయో కూతురో కూనిరాగము తీసి యందించిన గాని రెండవ చరణము గుర్తురాదు. మన నేతవారి వాడలలోని పాటలను మగ్గముల నుండి వేరుచేసి తెచ్చెదమనుట చెట్టును వదలి నీడను మూటగట్టుటయే.

1902 నవంబరులో గ్రామఫోను కంపెనీవారు కలకత్తాలో ఒక హోటలు గదిలో యంత్రమును నిలిపి గౌహర్ జాన్ పాటను పట్టిరి. నాడు పాట పట్టుటకు విద్యుత్తుతో పనిచేయు మైకు వాడుకలో లేదు. పెద్ద గొట్టములోనికి పాడవలయును; పళ్లెమున పట్టునది మూడు నిమిషముల మాత్రమే. ఆ పాట నేటికిని వినబడుచున్నది. నూటయిరువది యేండ్ల క్రిందట వారు పాట యున్న ఊరికి యంత్రమును మోసికొనిపోయిరి. మనము పాటను యంత్రము కడకు ఈడ్వజూచుచున్నాము.

మైకు సంగతి. కండెన్సరు మైకు చెడ్డదని నేననను. అది మిక్కిలి సూక్ష్మగ్రాహి. దానికి సాధారణముగా 48 వోల్టుల ఫాంటమ్ పవరు వేరుగ అందింపవలయును. గాయకుని గొంతుతోపాటు ఫ్యాను చప్పుడును, ఫ్రిజ్జి మూలుగును, ఎదురింటి కుక్కర్ ఈలను సమదృష్టితో స్వీకరించును. నిశ్శబ్దమైన గది లేనివాడు దానిని కొనుట గొడుగు లేనివాడు జరీపంచె కట్టి వానలో బయలుదేరుటవంటిది. డైనమిక్ మైకు ఇంత సున్నితము కాదు. దగ్గరి ధ్వనిని పట్టును, దూరపు దానిని చాలవరకు వదలును. ష్యూర్ కంపెనీవారి ఎస్.ఎం. 58 అను మైకు 1966లో పుట్టి నేటికిని సభావేదికలపై నిలిచియున్నది. దానికంటె పదిరెట్ల వెలగల మైకును బారెడు దూరమున నిలిపినవాడు, దీనిని జానెడు దూరమున నిలిపినవానికి ఓడిపోవును. కారణము సులభము. దూరము రెట్టింపయినపుడెల్ల గొంతు 6 డెసిబెళ్లు తగ్గును. గదిలోని ప్రతిధ్వని మాత్రము ఉన్నంత ఉండును. కావున సొమ్ము పెట్టి కొనవలసిన గుణములలో సగము ఊరకయే దొరకుచున్నవి. మైకును దగ్గరకు జరుపవలయును, ఊపిరి నేరుగా తగులకుండ నోటికి కొంచెము ప్రక్కగా నుంచవలయును, ఫ్యాను ఆపవలయును.

మన పనికి చాలునది అరచేత పట్టు రికార్డరు. మైకులు దానిలోనే యుండును, బ్యాటరీతో నడచును, మెమరీకార్డుపై వ్రాయును. 48 కిలోహెర్ట్‌జులు, 24 బిట్లు అను మట్టమున వేవ్ ఫైలుగా నిలిపిన, రెండు చానెళ్లకు గంటకు సుమారు ఒక గిగాబైటు పట్టును. అనగా 64 గిగాబైట్ల కార్డుపై అరువది గంటల పాట. మనుష్యకర్ణము వినగలది ఇరువదివేల హెర్ట్‌జుల లోపే గనుక, 192 కిలోహెర్ట్‌జులని అంగడివాడు చెప్పు గొప్పలకు మనము సొమ్మియ్యనక్కరలేదు. గొంతు మిక్కిలి హెచ్చినపుడు ముల్లు మైనస్ 12 కడ ఆగునట్లు ముందే చూచుకొనవలయును. సున్న దాటిన శిఖరము తెగిపోవును. తెగినదానిని అతికించు మంత్రము లేదు. తక్కువైనచో తరువాత పెంచుకొనవచ్చును. ఒక హెడ్‌ఫోను తప్పనిసరి. అది పాడువారికి కాదు, పట్టువారికి.

ఇది చదివి మరియొక పక్షమువారు సంతోషించుచుందురు. “మేము మొదటినుండియు అనుచున్నదదియే. జేబులో ఫోనున్నది, వేరే యంత్రమేల?” అని. వారితోను నేను ఏకీభవింపను. ఫోను మాటలకొరకు చేయబడినది. మాటలు స్పష్టముగ వినిపించుటకై ఎడతెగక ఒకే తీరున మ్రోగు ధ్వనిని పెక్కు ఫోనులు చప్పుడుగా భావించి చెరిపివేయును. ఎడతెగక ఒకే తీరున మ్రోగునది ఫ్యాను మాత్రమే కాదు, తంబుర కూడ! శ్రుతినే శబ్దకాలుష్యమని త్రోసివేయు యంత్రము చేతికి సంగీతము నిచ్చెదమా? ఇక కొన్ని గొంతు తగ్గినపుడు తమంత తామే హెచ్చించును. లాలిపాటలో ఆమె ఊపిరి తీసికొన్నప్పుడెల్ల గదిలోని హోరు ముందునకు దూకును. ఈ సవరణలను ఆపగల అనువర్తనములు లేకపోలేదు. ఆపి, వేవ్ ఫైలుగా పట్టిన ఫోను ఏమియు లేనిదానికంటె మేలు. అయితే ఆ పాటను వాట్సాప్‌లో మామూలుగా పంపిన అది కుదించి పంపవచ్చును. డాక్యుమెంటుగా పంపిన యథాతథముగ చేరును. ఈ చిన్న భేదము తెలియక ఎన్ని పాటలు నలిగినవో!

అన్నిటికంటె పెద్ద అపచారము రికార్డు చేసిన పిదప జరుగునది. కొంతకాలము క్రిందట మా యింటి పాత క్యాసెట్టు నొకదానిని కంప్యూటరులోనికి మార్చుటకై ఒక దుకాణమున నిచ్చితిని. అందు మా అత్తగారు పాడిన అప్పగింతల పాట యున్నది. వారు దానిని “శుభ్రపరచి” యిచ్చిరి. హోరు పోయినది, నిజమే. దానితోపాటు ఆమె గాజుల సవ్వడి, పాదము పాదమునకు నడుమ నిట్టూర్పు, పదముల తుది హల్లులు కూడ పోయినవి. వెనుక నేదో గుడిగోపురములో పాడినట్లు ప్రతిధ్వని చేర్చిరి. అడిగినందుకు, “వినుటకు బాగుగ నున్నది గదా” అనిరి! చుట్టాలింటికి పంపిన పిల్లకు గుండు గీయించి, ముఖము తేటగ నున్నది గదా అనినట్లున్నది.

శ్రుతిని దిద్దు ఆటో-ట్యూన్ అను ప్రోగ్రాము 1997లో వచ్చినది. అది సామాన్యముగ పండ్రెండు సమానపు మెట్లను ముందుంచుకొని, గొంతు ఏ మెట్టునకు చేరువగ నున్న ఆ మెట్టుపైకి నెట్టును. మన గమకము మెట్ల నడుమనే నివసించును. మామ్మ పాడు పాటలో స్వరము హార్మోనియమునకు సరిపడకపోవుట తప్పు కాదు, అదియే ఆ పాట. మెట్ల నడుమ జారుట చేతకాదనియే 1940లో రేడియోవారు హార్మోనియమును బహిష్కరించిరి. ఆ నిషేధము న్యాయమో కాదో పండితులు తేల్చుకొందురు. హార్మోనియము ప్రక్కన కూర్చుండునే గాని గాయకుని గొంతులో చేయి పెట్టలేదు, ఇది పెట్టును. ముందే తయారైన ట్రాకు వెనుక పాడించుట కూడ ఇట్టిదే. ఆమె తన శ్రుతిని, తన నడకను విడిచి యంత్రపు తాళమునకు పరుగెత్తవలయును.

కావున పట్టినదానిని పట్టినట్లే ఒక ప్రతి నుంచవలయును. దానిపై కత్తెర పడరాదు. దిద్దుకొనదలచినవారు నకలుపై దిద్దుకొందురు గాక. అందులకు ఆడాసిటీ అను ప్రోగ్రాము ఉచితముగనే దొరకుచున్నది. అసలు ప్రతులు మూడు చోట్ల నుండవలయును, అందొకటి ఈ ఊరిలో నుండరాదు.

ముప్పదియేండ్లు దస్త్రములతో కాలము గడపినవాడను గనుక ఒక గుమాస్తా మాట చెప్పెదను. దీనిని స్టూడియో పక్షమువారు గాని ఫోను పక్షమువారు గాని తలపెట్టలేదు. “ఆడియో 0047” అని పేరున్న ఫైలు పదియేండ్లకు అనాథ. యంత్రము నడువగనే, పాటకు ముందు, పాడువారి పేరు, వయస్సు, పుట్టినిల్లు, ఆ పాట ఎవరివలన నేర్చిరి, తేదీ అను ఐదు సంగతులను నోటితోనే పలికింపవలయును. కాగితము పోయినను మాట ఫైలులోనే యుండును. పిదప రిజిస్టరులో వ్రాయవలయును. పాడినవారి యనుమతి లేనిదే యూట్యూబులో పెట్టరాదు. అప్పగింతల పాట పాడుచు కంట తడి పెట్టిన ముత్తైదువను లోకమునకు చూపుటకు మనకెవ్వరు హక్కిచ్చిరి?

సంఘమువారికి నా మనవి యిది. చేతి రికార్డర్లు రెండు, డైనమిక్ మైకు ఒకటి, దానిని రికార్డరునకు తగిలించు తీగ, హెడ్‌ఫోనులు రెండు, కార్డులు, హార్డుడిస్కులు మూడు కొనుడు. వారమునకు రెండు ఇండ్లకు ఇద్దరేసి పిల్లలను పంపుడు. అందొకరు ఆడపిల్ల కావలయును, లేకున్న వంటింటి పాట వసారాకు రాదు. ఇండ్లలోనున్న పాత క్యాసెట్లను వానకాలపు తేమ తినకముందే సేకరింపుడు. స్టూడియో మాట ఆ పిదప చూచుకొందము.

చందాల జాబితా నా కడకు వచ్చినపుడు స్టూడియో అను పద్దు క్రింద నా పేరు వ్రాయను. రిక్షా బాడుగ, బ్యాటరీలు, మెమరీకార్డులు అను పద్దు తెరచినచో మొదటి సంతకము నాదే.