టికెట్ ఉచితమే, మా ఊరికి బస్సేది?

తెల్లవారుజామున గోదావరిఖని చుట్టుపక్కల పల్లెల్లో ఏ స్టేజీ దగ్గర చూసినా ఒకటే దృశ్యం. వంకాయలు, బీరకాయలు, కొత్తిమీర కట్టలు గంపల్లో, సంచుల్లో కట్టుకొని మన అక్కచెల్లెళ్ళు ఆటో కోసం ఎదురుచూస్తుంటారు. పొద్దెక్కితే ధర దిగుతుంది. ఆటోలో మనిషికో చార్జీ, గంపకో చార్జీ. అమ్మిన దాంట్లో ఎంత చేతికొస్తుందో కూరగాయలు పండించే ప్రతి ఇంటికీ తెలుసు.

2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు ప్రయాణం ఉచితమైంది. అప్పుడు స్వాగతించాం, ఇప్పుడూ స్వాగతిస్తున్నాం. కానీ జీరో టికెట్ బస్సెక్కితేనే ఇస్తారు. బస్సే రాని ఊరికి ఆ పథకంతో ఒరిగేదేముంది? రాజీవ్ రహదారి మీద బస్సులు కిక్కిరిసి పోతున్నాయి. లోపలి ఊళ్ళ పిల్లలు బడికి, కాలేజీకి నడిచో, ఆటోలో వేలాడుతూనో పోతున్నారు.

అడిగితే నష్టమంటారు. 1950 నాటి రోడ్డు రవాణా సంస్థల చట్టం 18వ సెక్షన్ చదవండి. ప్రజలకు సరిపడా రవాణా సక్రమంగా అందించడం సంస్థ బాధ్యత అని అందులో ఉంది. పొదుపుగా నడపమంది గాని పల్లెను వదిలేయమనలేదు. పల్లె రూట్ల నష్టాన్ని ప్రభుత్వం భరించాలి. దాన్ని డ్రైవర్, కండక్టర్ల నెత్తిన పెట్టొద్దు. 2019లో ఆర్టీసీ కార్మికులు 52 రోజులు సమ్మె చేసినప్పుడు బస్సు విలువేమిటో పల్లెలకు తెలిసొచ్చింది.

ఇది బొగ్గు గడ్డ. మన పొలాలు ఓపెన్‌కాస్టుల కింద పోయాయి. బొగ్గుకు ఇరవై నాలుగు గంటలూ దారి ఉంది, మనిషికి చీకటి పడితే లేదు. 2015లో గనుల చట్టాన్ని సవరించి జిల్లా మినరల్ ఫౌండేషన్ పెట్టారు. పాత లీజుల మీద రాయల్టీలో 30 శాతం దానికి జమ కావాలి. గని ప్రభావిత ఊళ్ళ కోసం పెట్టిన డబ్బు అది. బస్సు తిరగలేని రోడ్లు, కల్వర్టులు ముందు ఆ డబ్బుతో బాగుచేయాలి.

దారి చూపే పని ఒకటి మొదలైంది. 2025 మార్చి 8న మండల మహిళా సమాఖ్యలు కొన్న బస్సులను ఆర్టీసీకి అద్దెకిచ్చే పథకాన్ని ప్రారంభించారు. అద్దె మహిళలకు రావడం మంచిదే. కానీ ఆ బస్సు ఏ రూట్లో తిరగాలో చెప్పే హక్కు కూడా ఆ మహిళలకే ఉండాలి. మండలం సొమ్ముతో కొన్న బస్సు మండలంలోని పల్లెలకు రాకపోతే ఎలా?

ఆటో నడిపేవాళ్ళు మన పిల్లలే. వాళ్ళ పొట్ట కొట్టమని మేం అడగడం లేదు. బస్సు స్టేజీ నుంచి శివారు పల్లెలకు ఆటోల అవసరం ఎప్పుడూ ఉంటుంది.

మేం డిమాండ్ చేసేవి ఇవి:

1. ప్రతి పంచాయతీకి పొద్దున, సాయంత్రం బస్సు నడపాలి. దూరపు ఊళ్ళకు నైట్ హాల్ట్ సర్వీసులు వేయాలి.
2. బస్సు టైములు గ్రామసభలో అడిగి నిర్ణయించాలి.
3. రైతుల కూరగాయల గంపలకు లగేజీ చార్జీ తీసుకోవద్దు.
4. సమాఖ్య బస్సులను ముందుగా పల్లె రూట్లలో తిప్పాలి.

రైతు సోదరులారా, అక్కచెల్లెళ్ళారా! వచ్చే గ్రామసభలో ఈ విషయం ఎత్తండి. మీ ఊరి నుంచి రోజూ ఎందరు, ఏ టైముకు, ఎక్కడికి పోతున్నారో కాగితం మీద రాయండి. సంతకాలు చేయించి డిపో మేనేజర్‌కు ఒకటి, సంఘం మండల కమిటీకి ఒకటి ఇవ్వండి. లెక్క చేతిలో ఉంటే జవాబు చెప్పక తప్పదు.