తీగ లాగండి

ఇంట్లో వైఫై అందకపోతే మెష్ పెట్టించుకోవాలనే మాట నిజామాబాద్‌లో ఇప్పుడు ఎదురులేకుండా నడుస్తోంది. ఎలక్ట్రానిక్స్ షాపులో అదే చెబుతారు. నెట్ బిగించడానికి వచ్చిన పిల్లగాడు అదే చెబుతాడు. యూట్యూబ్‌లో తెలుగు టెక్ వీడియోలన్నీ అదే పాట. డల్లాస్ నుంచి అల్లుడు ఫోన్ చేసి, ‘మామయ్యా, మూడు డబ్బాల ప్యాక్ తీసుకోండి, ఇల్లంతా ఫుల్ సిగ్నల్’ అని భరోసా ఇస్తాడు. వినాయక్‌నగర్‌లోనో సుభాష్‌నగర్‌లోనో రెండంతస్తుల ఇల్లున్న రిటైర్డ్ టీచరు వేలకు వేలు పోసి తెచ్చుకుంటాడు. ఫోన్‌లో గీతలు నిండుతాయి. పై అర్రలో వీడియో కాల్ మాత్రం మునుపటిలాగే ఆగి ఆగి నడుస్తుంది. అప్పుడాయన నెట్ కంపెనీని తిట్టి, 100 ఎంబీపీఎస్ ప్లాన్ మాని 300కు మారతాడు. అయినా అంతే.

మన స్లాబు ఇళ్ళకు ముందు కావాల్సింది ఒక ల్యాన్ కేబుల్. మెష్ ఆ తర్వాతి సంగతి. కేబుల్ ఊసెత్తకుండా మెష్ డబ్బాలను మందుగా అమ్మడం తప్పు, అడగకుండా కొనడం దండుగ.

అసలీ సరుకు ఎవరి ఇళ్ళ కోసం పుట్టిందో చూడండి. ఇళ్ళకు అమ్మే మెష్ కిట్లు జనంలోకి వచ్చింది 2016లో. ఆ ఏడాది మొదట్లో ఈరో, ఏడాది చివర్లో గూగుల్ వైఫై అమెరికా మార్కెట్లో దిగాయి. అక్కడ సాధారణ ఇల్లంటే కర్రల చట్రం, దాని మీద జిప్సం షీటు. అలాంటి గోడను వైఫై పెద్దగా లెక్కచేయదు. మన దగ్గర బయట తొమ్మిదంగుళాల ఇటుక గోడ, లోపల నాలుగున్నర అంగుళాలది, రెండు వైపులా సిమెంటు పూత, నెత్తిన ఇనుప చువ్వల వల పరిచిన ఐదంగుళాల స్లాబు. దానికి తోడు పడకగదిలో నిలువెత్తు ఇనుప బీరువా, దానికో అద్దం. రేడియో లెక్కలో 3 డెసిబెల్స్ పోతే బలం సగమైనట్టు, 10 పోతే పదో వంతు మిగిలినట్టు. చువ్వలున్న స్లాబు ఒక్కటే 10 నుంచి 20 దాకా మింగగలదు. అంటే పైకి చేరేది పదో వంతో, నూరో వంతో. 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌కు గోడలు దాటే శక్తి ఇంకా తక్కువ, వేగం ఉండేదేమో దాంట్లోనే. అల్లుడు అబద్ధం చెప్పలేదు, తన ఇంటి సంగతి చెప్పాడు.

మెష్‌లో ఒక డబ్బా రౌటర్ దగ్గరుంటుంది. మిగతావి దాని సిగ్నల్‌ను గాలిలో పట్టుకుని మళ్ళీ వదులుతాయి. చవక రకాల్లో ఇటు వినడానికీ అటు చెప్పడానికీ ఒకటే రేడియో. వింటున్నప్పుడు చెప్పలేదు, చెబుతున్నప్పుడు వినలేదు. కాబట్టి ఒక్కో మజిలీకి వేగం దాదాపు సగం రాలుతుంది, రెండు మజిలీలైతే పావు మిగులుతుంది. ట్రైబ్యాండ్ అని రాసి ఉన్నవి డబ్బాల మధ్య మాటలకు వేరే రేడియో కేటాయిస్తాయి, నిజమే, మేలే. అయితే ఆ మూడో రేడియో కూడా అదే స్లాబులోంచి దూరి పోవాలి కదా.

ఈ చిక్కు బోధన్ రైతుకు కొత్తగా చెప్పనక్కర్లేదు. 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ కాలువ కింద చివరి ఆయకట్టు అంటే ఏమిటో ఇక్కడ అందరికీ తెలుసు. తూము దగ్గర ఎంత వదిలినా దారి పొడుగునా తరిగి, చివరి మడికి చేరేసరికి తడి మాత్రం మిగులుతుంది. ఆ చివరి భూముల కోసం చేసిందేమిటి? గోదావరి నుంచి మోటార్లతో నీళ్ళెత్తి పైపుల్లో తెచ్చే అలీసాగర్, గుత్ప ఎత్తిపోతలు కట్టారు. చివరికి నేరుగా మరో దారి వేశారన్నమాట. 100 ఎంబీపీఎస్ ప్లాన్‌ను 300 చేయడం తూము దగ్గర గేటు ఇంకాస్త ఎత్తడమే. రౌటర్ నుంచి పై డబ్బాకు కేబుల్ లాగడం ఎత్తిపోతల పైపు వేయడం.

అసలు 300 దేనికి? ఒక వీడియో కాల్‌కు రెండు మూడు ఎంబీపీఎస్ చాలు. 4కే సినిమాకు నెట్‌ఫ్లిక్స్ అడిగేది 15. కొడుకు దుబాయ్‌లో, తల్లి ఎడపల్లిలో. వీడియో కాల్‌లో వాళ్ళ మాట తెగడానికి ప్లాన్ చిన్నదవడం కారణం కాదు. హాల్లో టీవీ వెనక ఇరుక్కున్న రౌటర్‌కూ వెనక అర్రకూ మధ్య రెండు గోడలు, ఒక బీరువా ఉన్నాయి.

గీతల సంగతి కూడా తేల్చుకోవాలి. ఫోన్ చూపించే గీతలు ఫోన్‌కూ పక్కనున్న డబ్బాకూ మధ్య బలాన్ని చెబుతాయి, అంతే. ఆ డబ్బాకు రౌటర్ నుంచి ఎంత అందుతోందో అవి చెప్పవు. గీతలు నిండుగా ఉండి నెట్ రాకపోవడంలో వింతేమీ లేదు. అమ్మేవాళ్ళు చూపించేది ఆ గీతలనే.

లోపం ఎక్కడుందో పట్టుకోవడానికి ఇంజనీరింగ్ చదవక్కర్లేదు. ఒక ఫోను, ఒక ల్యాప్‌టాప్, చిన్న ల్యాన్ కేబుల్ ముక్క ఉంటే సరిపోతుంది. మొదట గోడకున్న ఫైబర్ మోడెమ్ చూడాలి. ఎల్ఓఎస్ అని రాసి ఉన్న దీపం ఎర్రగా మిణుకుతుంటే లోపం లైనులో ఉంది: ఫైబర్ వంగిందో, తెగిందో, స్తంభం మీద జాయింటు చెడిందో. ఇంట్లో ఎన్ని డబ్బాలు పేర్చినా అది బాగుపడదు. దీపం సరిగ్గా ఉంటే ల్యాప్‌టాప్‌ను కేబుల్‌తో నేరుగా మోడెమ్‌కు తగిలించి వేగం కొలవాలి. అక్కడే తక్కువొస్తే కంపెనీతో గట్టిగా పోట్లాడండి, చేతిలో రుజువుంది. పొద్దంతా బాగుండి రాత్రి తొమ్మిది దాటాకే పడిపోతుంటే, వాడకట్టంతా అప్పుడే ఫోన్లు పట్టుకుందని అనుమానించాలి. గల్ఫ్‌లో డ్యూటీ దిగే వేళ కూడా అదే. ఇళ్ళకొచ్చే ఫైబర్ చాలాచోట్ల జీపాన్ పద్ధతిలో నడుస్తుంది. ఒక లైనులో వచ్చే సుమారు 2.5 గిగాబిట్లను 32 ఇళ్ళో 64 ఇళ్ళో పంచుకుంటాయి. ఆ రద్దీకి మెష్ దగ్గర విరుగుడు లేదు.

కేబుల్ మీద వేగం బాగుందనుకోండి. ఇప్పుడు ఫోన్ పట్టుకుని రౌటర్ పక్కన నిలబడి ఒకసారి, మెష్ డబ్బా పక్కన నిలబడి ఒకసారి కొలవండి. రెండో అంకె మొదటిదానిలో మూడో వంతుకో నాలుగో వంతుకో పడిపోతే, డబ్బాకే తిండి అందడం లేదని అర్థం. దీనికి మూలం చాలా ఇళ్ళలో ఒకటే: సిగ్నల్ రాని గదిలోనే డబ్బా పెట్టడం. సిగ్నల్ చేరని చోట డబ్బా మాత్రం దేన్ని పట్టుకుని పంచుతుంది? సగం దారిలో, రౌటర్ సిగ్నల్ ఇంకా గట్టిగా ఉన్నచోట పెట్టాలి. సిగ్నల్‌ను డెసిబెల్స్‌లో చూపించే ఉచిత యాప్‌లున్నాయి. మైనస్ 60 దగ్గరుంటే మంచిది, మైనస్ 67 దాకా కాల్ నడుస్తుంది, మైనస్ 80 అయితే ఆశ వదులుకోవచ్చు. రెండంతస్తుల ఇంట్లో డబ్బాకు అన్నిటికన్నా మంచి చోటు మెట్ల మలుపు. ఇంటి మొత్తంలో స్లాబు లేని ఖాళీ అదొక్కటే. ఈ మాట చెప్పి డబ్బా అమ్మిన షాపు నాకింకా తారసపడలేదు.

ఇంకో తంటా, మోడెమ్ కూడా రౌటరే కావడం. దాని వెనక మెష్ మరో రౌటరై కూర్చుంటే ఒకే ఇంట్లో రెండు నెట్‌వర్కులు తయారవుతాయి. ఫోన్ ఒకదాంట్లో, టీవీ, ప్రింటర్, సీసీ కెమెరా ఇంకోదాంట్లో. ఒకటి మరొకదానికి కనబడదు. మెష్ సెట్టింగుల్లో యాక్సెస్ పాయింట్ మోడ్ ఎంచుకుని, మోడెమ్ సొంత వైఫైని ఆపేస్తే ఈ గొడవ పోతుంది. ఆపకపోతే అది కూడా అరుస్తూనే ఉంటుంది. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానికొకటి అడ్డు రాని చానళ్ళు 1, 6, 11, మూడే. గోడకు గోడ ఆనుకుని ఇళ్ళున్న గాజుల్‌పేటలోనో అహ్మద్‌పురాలోనో ఆ మూడింట్లోనే వాడకట్టంతా సర్దుకోవాలి. ఇంటికో మూడు డబ్బాలు చేరితే ఎవరి మాట ఎవరికి వినబడుతుంది?

తీగ లేకుండా ఊళ్ళకు ఊళ్ళే కలిపారు, ఇంట్లో ఎందుకు కుదరదని అడిగేవాళ్ళున్నారు. మంచి ప్రశ్నే. పశ్చిమగోదావరిలో బైర్రాజు ఫౌండేషన్ ‘అశ్విని’ పేరుతో పల్లెలను వైఫైతోనే కలిపి దూరవైద్యం, పాఠాలు అందించింది. ఉత్తరాన ఐఐటీ కాన్పూర్ బృందం పదుల కిలోమీటర్ల లింకులు నిలబెట్టింది. ఆ లింకులను కొలిచి కామేశ్వరి చేబ్రోలు, భాస్కరన్ రామన్, సయందీప్ సేన్ 2006లో రాసిన పత్రం, ప్యాకెట్లు రాలిపోవడానికి ముఖ్య కారణం బయటి రేడియోల జోక్యమని తేల్చింది. ఎత్తైన టవర్లు, ఎదురెదురుగా గురిపెట్టిన యాంటెన్నాలు, మధ్యలో చెట్టు కొమ్మ కూడా అడ్డురాని చూపు: ఇన్ని జాగ్రత్తల మధ్య నడిచింది ఆ వైఫై. దాన్ని చూపించి, ఎక్కడ ప్లగ్గుంటే అక్కడ గుచ్చే డబ్బాను సమర్థించడం అతకదు.

కిరాయి ఇళ్ళ సంగతి వేరు, ఒప్పుకుంటాను. ఓనరు మేకు కొట్టనివ్వని ఇంట్లో తీగ లాగమంటే వినడానికి బాగుండదు. అక్కడ మెష్ పెట్టుకోండి, మెట్ల దగ్గర పెట్టుకోండి. ఒకే అంతస్తులో మూడు గదుల ఇల్లయితే అదీ వద్దు. రౌటర్‌ను టీవీ వెనక నుంచి తీసి ఇంటి నడుమ సజ్జ మీదికి మారిస్తే చాలాసార్లు పని అయిపోతుంది.

కేబుల్ లాగితే అన్నీ తీరిపోతాయని కూడా అనను. ల్యాన్ కేబుల్‌లో ఎనిమిది తీగలుంటాయి. పని తొందరగా తెమలాలని నాలుగే కనెక్టర్లో బిగించే వాళ్ళున్నారు. అలా చేస్తే లింకు 100 ఎంబీపీఎస్ దాటదు. గిగాబిట్‌కు ఎనిమిదీ కావాలి. రాగి పూత పూసిన అల్యూమినియం తీగను రాగి కేబుల్‌గా అంటగడతారు, పెట్టె మీద సీసీఏ అని ఉందేమో చూసుకోవాలి. క్యాట్ 6 రాగి కేబుల్ వంద మీటర్ల దాకా గిగాబిట్ మోస్తుంది, మన ఇళ్ళలో ఇరవై మీటర్లు దాటడమే అరుదు. ఇంటి బయట గోడ వెంట లాగొద్దు. ఎండాకాలపు ఉరుముల వానలో దగ్గర్లో పిడుగు పడితే పోర్టులు మాడిపోతాయి. కరెంటు పోయినప్పుడు ఏ ప్లగ్గుకు ఇన్వర్టర్ లైనుందో కూడా ముందే చూసుకోవాలి. హాల్లో రౌటర్ వెలుగుతూ పైన డబ్బా ఆరిపోతే, చూసేవాళ్ళు నెట్ పోయిందంటారు.

ఇదంతా నిన్నటి మాట, వైఫై 7 వచ్చాక తీగలెందుకంటారు కొందరు. దాని అసలు వేగం 6 గిగాహెర్ట్జ్‌లో ఉంది, గోడల దగ్గర అది 5 కన్నా ఇంకా నీరసం.

బోధన్ రోడ్డు వెంటా ఆర్మూర్ రోడ్డు వెంటా కొత్త ఇళ్ళు లేస్తూనే ఉన్నాయి. స్లాబు పోసే ముందు ఎలక్ట్రీషియన్ ఏసీకి పాయింటు, గీజర్‌కు పాయింటు, ఇన్వర్టర్‌కు వేరే లైను అని వరసగా అడుగుతాడు. నెట్ పైపు గురించి ఆయన అడగడు, మనం చెప్పం. హాలు నుంచి పై అంతస్తు దాకా కరెంటు తీగలు కలవని ఒక 25 ఎంఎం పైపు విడిగా వేయించుకుంటే, తర్వాత ఏ కేబుల్ కావాలంటే అది తోసుకోవచ్చు.

స్లాబు ఎప్పుడో పోసేసిన ఇళ్ళలోనూ దారి ఉంది. చాలా ఇళ్ళలో డాబా మీద డిష్ నుంచి హాల్లోకి గోడలో వేసిన పైపు అలాగే ఉంది, అందులోని కేబుల్‌తో ఇప్పుడు పనిలేదు. దాని కింది కొసకు కొత్త ల్యాన్ కేబుల్‌ను టేపుతో గట్టిగా చుట్టి, పై అంతస్తు జంక్షన్ డబ్బా దగ్గర నిలబడి మెల్లగా లాగితే పాతదాని వెంట కొత్తది వచ్చేస్తుంది. కింద ఒకరు కేబుల్ మెలిపడకుండా అందిస్తుండాలి. పని అయ్యాక డాబా మీది కొసను సిలికాన్‌తో మూసేయండి, లేకపోతే వానకాలంలో నీళ్ళు ఆ పైపులోంచే టీవీ వెనక్కి దిగుతాయి.