జనాదరణకు దగ్గరిదారి లేదు

శ్రీవిజయపురమని 2024లో పేరు మారిన పోర్ట్ బ్లెయిర్ నగరమునకు సముద్రద్వారము హాడో. విశాఖపట్టణమునుండియు, చెన్నైనుండియు, కలకత్తానుండియు బయలుదేరి, రెండు మూడు దినములు బంగాళాఖాతముపై సాగివచ్చు ప్రయాణికుల ఓడలు ఆగునది ఈ రేవుననే. బ్రతుకుదెరువు వెదకికొనుచు ఉత్తరాంధ్ర తీరమునుండి వచ్చిన జాలరి కుటుంబములును, కూలి కుటుంబములును తొలిసారి కాలు మోపిన ఒడ్డులలో ఒకటియు నిదియే. 2011 జనగణన ప్రకారము ఈ అండమాన్ నికోబార్ దీవులలో ఇంచుమించు నూటికి 13 మందికి తెలుగే మాతృభాష. ఆ కుటుంబములలో పుట్టి పెరిగిన యువతీయువకులు నేడు చేతనున్న ఫోనుతో ఓడలను, పగడపుదిబ్బలను, సంధ్యాకాశమును చిత్రించి ఇన్‌స్టాగ్రామ్‌లో ఉంచుచు, ఫాలోవర్లు పెరుగవలెనని ఆరాటపడుచున్నారు. ఈ ఆరాటమును పనిలేనివారి వేడుకగా తీసివేయు పెద్దల మాటతో నేను ఏకీభవింపజాలను. పర్యాటకులపై ఆధారపడి హోటలువారును, పడవవారును, ఈత నేర్పువారును జీవించుచున్న చోట, పదిమంది దృష్టిని ఆకర్షింపగల ఛాయాచిత్రము ఒక వృత్తికి పెట్టుబడి. ఆ దృష్టిని ఏ మార్గమున ఆర్జింపవలెననునదియే ఆలోచింపదగిన విషయము.

ఈ అవకాశము ఇచటివారికి ఆలస్యముగా లభించినది. మొన్నమొన్నటివరకు ఈ దీవుల ఇంటర్నెట్టు ఉపగ్రహములపై ఆధారపడి, ఒక చిత్రమును పంపుటకే ఓర్పును పరీక్షించుచుండెడిది. చెన్నైనుండి సముద్రగర్భమున ఇంచుమించు 2,300 కిలోమీటర్ల పొడవున వేసిన ఆప్టికల్ ఫైబర్ కేబులు 2020 ఆగస్టు 10న ప్రారంభమైన పిమ్మటనే ఆ దుస్థితి తొలగుట మొదలైనది. ఆ సంవత్సరముననే, జూన్ నెలాఖరున టిక్‌టాక్ నిషేధింపబడగా, జూలైలో ఇన్‌స్టాగ్రామ్ వారు రీల్స్‌ను మన దేశమున ప్రవేశపెట్టిరి. మార్గమును, రంగస్థలమును ఒక్క ఋతువుననే సమకూడినందున, దశాబ్దముగా ఈ విద్యను అభ్యసించుచుండిన మహానగరవాసులతో హాడో యువకుడు అకస్మాత్తుగా పోటీపడవలసివచ్చెను. వెనుకబడితిమన్న తొందర పుట్టినప్పుడు దగ్గరిదారులు వెదకుట మానవస్వభావము. ఫాలోవర్లను వేలలెక్కన అమ్ముదుమను వర్తకులు ఆ తొందరకే గాలము వేయుచున్నారు.

వారి సరకు ఏల నిరర్థకమో తెలియవలెననిన, ఇన్‌స్టాగ్రామ్ యంత్రాంగపు పోకడ కొంత తెలియవలెను. 2010 అక్టోబరులో ఆరంభమైనప్పుడు ఇన్‌స్టాగ్రామ్ తనకు చేరిన కాలక్రమముననే చిత్రములను చూపుచుండెడిది. 2016 నుండి ఆ పద్ధతి మారి, ఏ చిత్రము ఎవరికి నచ్చునో ఊహించి, దానిని ముందు నిలుపుట ఆచారమైనది. చూచువారు ఎంతసేపు నిలిచి చూచిరి, ఎవరికైనను పంపిరా, దాచుకొనిరా, వ్యాఖ్య వ్రాసిరా అనునవి ఈ ఊహకు ఆధారములు. కొనితెచ్చిన ఫాలోవర్లు చూడరు, పంపరు, మాటాడరు. కాబట్టి సంఖ్య పెరిగినకొలది స్పందించువారి పాలు తగ్గి, ఆ ఖాతా నిస్సారమని యంత్రమే తీర్పు చెప్పు ప్రమాదము కలదు. అదియును గాక, అట్టి సంఖ్య శాశ్వతమును కాదు. 2014 డిసెంబరులో ఆ సంస్థ దొంగఖాతాలను ఒక్కసారిగా తొలగించినప్పుడు ప్రఖ్యాతుల ఖాతాలలో సైతము లక్షలకొలది ఫాలోవర్లు రాత్రికి రాత్రి అదృశ్యమైపోయిరి. నేడు ఇతరులను అనుసరించి, వారు తిరిగి అనుసరింపగనే రేపు వదలివేయు ‘ఫాలో–అన్‌ఫాలో’ చమత్కారమును ఈ కోవకు చెందినదే. అందువలన లభించునది పరిచయమే కాని ఆదరము కాదు.

మరి నిజమైన ఆదరము ఎట్లు లభించును? నీటి పోకడ నెరిగిన జాలరి ఏ వేళ, ఏ చోట వల విసరవలెనో ఎరిగినట్లే, స్థలము నెరిగినవాడు చిత్రమును ఎరుగును. భారతదేశపు ప్రామాణిక కాలమునకు ఆధారమైన 82½ డిగ్రీల రేఖాంశము మన కాకినాడ చెంతనే పోవుచున్నది. హాడో దానికి దాదాపు 10 డిగ్రీలు తూర్పున నున్నది. కావున కాకినాడకంటె ఇచట సూర్యుడు ఇంచుమించు 40 నిమిషములు ముందుగా నడినెత్తికి వచ్చును. ఛాయాచిత్రకారులు కోరు లేతవెలుగు ఊరు మేల్కొనకముందే వచ్చి పోవును, శీతకాలమున సాయంత్రము ఇంచుమించు ఐదింటికే ప్రొద్దు గ్రుంకును. ఐదు దినముల విడిదికై వచ్చి, అందరును తీసిన రాధానగర్ ఇసుకతీరమునే తానును తీసికొనిపోవు పర్యాటకునకు ఈ కాలజ్ఞానము ఎట్లు అబ్బును? ఓడ వచ్చిన దినమున రేవున కూడు జనసమ్మర్దము, తుఫాను హెచ్చరికతో దీవుల నడుమ నడచు ఓడలు నిలిచిపోగా సరకులకై ఎదురుచూచు అంగళ్లు, వంతెన కావలి చాథమ్ దీవిలో 1883 నుండి పడౌక్ దుంగలను కోయుచున్న రంపపుమిల్లు, జంగ్లీఘాట్‌లో తెల్లవారుజామున చేపలు దింపు తెలుగువారి పడవలు, వీనిని ఏడాది పొడవున, ఋతువు తప్పక, పేరును, కాలమును, కథను తెలుపుచు చూపువాడు అరుదు. అరుదైనదానిని వెదకి వచ్చువారు లోకమున ఎప్పుడును కలరు. పగడముల పేర్లు, చేపల పేర్లు తెలియకున్న, భారత జంతుశాస్త్ర సర్వేక్షణ సంస్థ ప్రాంతీయ కేంద్రము ఈ హాడోలోనే యున్నది. అచటి ప్రదర్శనశాలలో ఒక పూట గడపినవాని వ్యాఖ్య తక్కినవారి వ్యాఖ్యకంటె బరువుగా నుండును.

మన చరిత్రలోనే ఇందులకు ఒక నిదర్శనము కలదు. ఇండోర్‌లో పబ్లిక్ వర్క్స్ కచేరీలో ఉద్యోగిగా నుండి ఛాయాచిత్రకళను అభ్యసించి, సికింద్రాబాదున స్టూడియో నెలకొల్పి, ఆరవ నిజాము ఆస్థానమున స్థానము సంపాదించిన రాజా దీన్ దయాళ్‌కు ఆ కీర్తి ఒక్క చిత్రమువలన రాలేదు. కోటలను, కొలువులను, వేటలను, కుటుంబములను ఏండ్లతరబడి ఒకే శ్రద్ధతో చిత్రించినందువలన వచ్చినది. పరికరములు మారినను ఆ ధర్మము మారలేదు.

ఇక ఈ దీవులలో ఛాయాచిత్రకారునకు ఇతర ప్రాంతములలో లేని ఒక బాధ్యత కలదు. 1890 ప్రాంతమున మారిస్ విడాల్ పోర్ట్‌మన్ అను బ్రిటిషు అధికారి అండమానీయులను వరుసగా నిలిపి ఛాయాచిత్రములు తీసి బ్రిటిష్ మ్యూజియమునకు పంపెను. ఆ చిత్రములు భద్రముగా నిలిచినవి, కాని ఒకప్పుడు వేలసంఖ్యలో నుండిన గ్రేట్ అండమానీయులు 2011 జనగణన నాటికి 44 మంది మాత్రమే మిగిలిరి. తినుబండారములు చూపి జారవా ఆదిమజాతి స్త్రీలచేత నాట్యము చేయించిన వీడియో 2012 జనవరిలో వెల్లడియై లోకము నివ్వెరపోయెను. 2025 మార్చి నెలాఖరున ఒక అమెరికా దేశీయుడు ఆదిమజాతి నివసించు, నిషిద్ధమైన ఉత్తర సెంటినెల్ దీవి ఒడ్డున దిగి, కొబ్బరికాయను, శీతలపానీయపు డబ్బాను అచట విడిచి, వీడియో తీసికొని తిరిగి వచ్చెనని పోలీసులు అతనిని నిర్బంధించిరి. బయటివారు మోసికొనివచ్చు సాధారణపు జలుబును సైతము తట్టుకొనజాలని జనుల చెంతకు ఎవరును చూడని దృశ్యమునకై పోవుట సాహసము కాదు, హింస. ఇట్టి జనుల రక్షణకై ఏర్పడిన 1956 నాటి ఆదిమజాతుల సంరక్షణ నిబంధన 2012లో కఠినతరము చేయబడినది. పగడములను త్రొక్కి, నక్షత్రమీనములను నీటినుండి పైకెత్తి తీయు చిత్రములును ఇట్టి దోషమునకు దూరములు కావు. ఎన్ని లక్షల ఫాలోవర్లు వచ్చినను, తనను తాను కాపాడుకొనలేని జీవి మూల్యముగా వచ్చిన ఆదరము అనాదరణీయము.

సంపాదన మొదలైన పిమ్మట మరియొక నియమము పాటింపదగినది. ధనము గాని, ఉచితవసతి గాని పుచ్చుకొని పొగడినప్పుడు ఆ సంగతి స్పష్టముగా తెలుపవలెనని కేంద్ర వినియోగదారుల వ్యవహారముల శాఖ 2023 జనవరిలో సూచనలు వెలువరించినది. తప్పుదారి పట్టించు ప్రకటనకు 10 లక్షల రూపాయల వరకును, మరల చేసిన 50 లక్షల రూపాయల వరకును జరిమానా కలదు. దండనకు వెరచి కాకున్నను, చూచువారి నమ్మకమే తన మూలధనమని ఎరిగి దీనిని పాటించుట వివేకము.

హాడో యువతీయువకులకు నేను చెప్పదలచిన మాట ఇది: సంఖ్యను కొనకుడు, అడవిలోనివారిని వెంటాడకుడు, మీ రేవును, మీ వీధిని, మీ తలిదండ్రుల శ్రమను మీ తెలుగులో వ్రాసిన వ్యాఖ్యలతో చూపుడు. ఈ దీవుల విద్యాలయములు ఛాయాచిత్రవిద్యతోపాటు ఈ నీతిని బోధింపవలెను. మనమును, శ్రీకాకుళమున నున్నను, హైదరాబాదున నున్నను, వింతలకై వ్రేలు కదల్చుట మాని, వందమంది మాత్రమే చూచు నిజాయితీపరుని ఖాతాను వెదకి అనుసరింపవలెను. మంచి ఛాయాచిత్రకారులు మనకు కావలెనన్నచో, వారికి మంచి ప్రేక్షకులుగా నిలుచుట మన వంతు.